కలిపి పంచిన మాత్రలు

హ్యన్ గాప్‌సెంగ్‌ను ఎవరైనా చూసి "పాపం" అంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. టీవీవాళ్ళు జేజు దీవికి వచ్చి, ఒడ్డున వెచ్చటి కోట్లు తొడుక్కుని నిలబడి, చలికాలపు సముద్రంలో మునిగే ముసలి ఆడవాళ్ళ మీద జాలి ఒలకబోసినప్పుడల్లా ఆమె చేతిలోని, గుల్లలు పెకలించే ఇనుప బద్దను నీళ్ళ వైపు చూపించి, "జాలిపడేవాళ్ళు ఒక్కసారి దిగి చూడండి, నీళ్ళు బావున్నాయి," అనేది. వాళ్ళు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

సెమ్‌గే ఊరి హెన్యోలకు, అంటే సముద్రంలో మునిగి గుల్లలూ నాచూ ఏరి బతికే ఆడవాళ్ళకు, ఆమె పెద్ద. ఆ పెద్దరికం ఎవరో కట్టబెట్టినది కాదు. అందరికన్నా లోతుకు వెళ్ళి, అందరికన్నా ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి, మునిగినవాళ్ళంతా మళ్ళీ తేలారని కళ్ళారా చూసుకున్నాకే తాను ఒడ్డెక్కే అలవాటువల్ల వచ్చినది. నడక నేర్చిన ఈడుకే నీళ్ళు నేర్చింది. పెళ్ళికి ముందే తల్లితోపాటు దీవి దాటి పెద్ద భూభాగపు తీరాలకు వలస వెళ్ళి, పరాయివాళ్ళ సముద్రంలో మునిగి, ఎడమ చెవి పొర పగలగొట్టుకుని, ఆ సంపాదనతో తమ్ముళ్ళను చదివించింది. భర్త పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంట్లో వంట ఆయనది, అధికారం ఆమెది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు.

ఆమెను ఓడించినది ఒక్కటే, తలనొప్పి. మునిగి తేలే ప్రతి ఆడదానికీ అది ఉండేది. కణతల దగ్గర మొదలై, కళ్ళ వెనక్కి పాకి, ఒడ్డెక్కాక కూడా వదిలేది కాదు. దానికి మందుల షాపులో తెల్లటి పొడి పొట్లాలు దొరికేవి. దిగేముందు ఒకటి, ఎక్కాక ఒకటి. పెళ్ళివారింట తాంబూలం పంచినంత మామూలుగా ఒకరికొకరు పంచుకుని నోట్లో పోసుకునేవారు. అదే పొడి కొన్నేళ్ళకు తలనొప్పిని తానే పుట్టిస్తుందనీ, కడుపును తొలిచేస్తుందనీ డాక్టర్లు చెప్పేవారు. చెప్పి, మానేయమనేవారు. మానేస్తే రేపు సముద్రంలోకి దిగడం ఎలాగో మాత్రం ఏ ఒక్కరూ చెప్పేవారు కారు. గాప్‌సెంగ్ పెదతల్లి కూతురు మ్యంగ్‌వల్ ఒక వసంతకాలపు ఉదయం ఒడ్డున రాళ్ళమీద కూలబడి నెత్తురు కక్కుకుంది. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆమె రబ్బరు దుస్తుల చేతిమడతలో ఇంకా విప్పని పొట్లం ఒకటి దొరికింది. మర్నాడు ఊరంతా కర్మకాండకు వెళ్ళింది. ఆ మర్నాడు అందరూ పొడి వేసుకుని సముద్రంలోకి దిగారు. వేరే దారి చూపించవలసినవాళ్ళు చూపించలేదు కనుక దిగారు. ఆ సంగతిని అజ్ఞానం అని పిలిచేవాళ్ళను గాప్‌సెంగ్ ఎన్నటికీ క్షమించలేదు.

కనుక ప్యో సుయిన్ అనే డాక్టరు పెద్ద భూభాగపు ఆసుపత్రి నుంచి వచ్చి, రోజూ వేసుకుంటే తలనొప్పి రాకుండానే ఆపగల మాత్ర ఒకటి ఉందనీ, అది హెన్యోల విషయంలో నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలనీ చెప్పినప్పుడు, తీరం వెంబడి ఊళ్ళన్నిటిలోకీ ముందు ఒప్పుకున్నది సెమ్‌గేయే. డాక్టరు ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఆరోగ్య కేంద్రంలో ఒక గది తీసుకుని, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, కాగితంలోని ప్రతి వాక్యమూ చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, ఇష్టంలేకపోతే ఏ క్షణంలోనైనా మానుకోవచ్చునని చెప్పి, ఆ తరువాతే సంతకం తీసుకుంది. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. రెండు గుంపులనూ పోల్చి చూస్తేనే మందు గుణం బయటపడుతుంది. చట్టం అడిగినవన్నీ ఆమె చేసింది. చట్టం అడగనిది ఒకటి మిగిలిపోయింది.

సెమ్‌గేలో నిర్ణయాలు గదుల్లో జరగవు. సముద్రపు గట్టున రాతిగోడల మధ్య నిప్పు వేసుకుని ఒళ్ళు కాచుకునే చోటు ఒకటి ఉంది. దాన్ని బుల్తోక్ అంటారు. ఎప్పుడు దిగాలి, ఎప్పుడు మానాలి, ఒడ్డుకు దగ్గరి లోతులేని నీళ్ళను ఏ ముసలమ్మలకు వదిలిపెట్టాలి, అన్నీ అక్కడే తేలతాయి. ఒక్కరు అడ్డం చెప్పినా మాట ఆగుతుంది. ఉమ్మడి నాచు కోసే రోజుల్లో అందరూ కోసినదంతా ఒకే కుప్ప పోసి సమానంగా పంచుకుంటారు. జ్వరంతో ఇంట్లో పడుకున్నదానికీ వాటా వెళ్ళవలసిందే.

మాత్రలు మొదలైన నెలకు ఆ నిప్పు దగ్గర మాట లేచింది. అందరిలోకీ చిన్నది హాన్‌సోల్, పట్నంలో ఉద్యోగం మానుకుని వచ్చి మునగడం నేర్చుకుంటున్న పిల్ల, జుట్టు పిండుకుంటూ అన్నది:

"సామ్‌చూన్, నాకు వారం నుంచీ తల తేలిగ్గా ఉంది."

ఆ దీవిలో ఆడైనా మగైనా పెద్దవాళ్ళను పిలిచే పిలుపు అదే. జవాబు గాప్‌సెంగ్ నుంచి కాకుండా కో ఇన్హో నుంచి వచ్చింది. ఆమె అందరిలోకీ పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

"నీ తల ఎప్పుడు బరువుగా ఉందే? నాకు మాత్రం లోపల తిరగలి తిరుగుతోంది. నాకిచ్చింది ఉత్తదే, చూసుకో."

"చీటీలు తీశారట, సామ్‌చూన్. కంప్యూటరు తీసిందట."

"కంప్యూటరు ఏనాడైనా నాచు కోసిందా? ముసలిదానికి ఉత్త మాత్ర, పడుచుదానికి అసలు మాత్ర. ఇది ఏ ఊరి పంపకమే?"

అందరూ గాప్‌సెంగ్ వైపు చూశారు. తనకు పడింది అసలు మాత్రేనని గాప్‌సెంగ్‌కు దాదాపు రూఢి అయింది. ఏళ్ళ తరబడి లేనంత తేలికగా ఉంది తల. ఎదురుగా తనకు మునగడం నేర్పిన కో ఇన్హో కణతలు నొక్కుకుంటోంది. ఆ పరిస్థితిలో ఏది న్యాయమో తేల్చుకోవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"సీసాలు తీయండి, అందరూ."

హాన్‌సోల్ జంకింది. "ఇతరులకి ఇవ్వకూడదని డాక్టరుగారు చదివారు కదా?"

"ఇతరులకని చదివింది. ఇక్కడ ఇతరులెవరున్నారే?" అన్నది గాప్‌సెంగ్.

నత్తగుల్లలు ఉడకబెట్టే అల్యూమినియం గిన్నెలో సీసాలన్నీ గుమ్మరించారు. గాప్‌సెంగ్ చేత్తో కలిపింది. పిడికిళ్ళతో సమానంగా పంచింది. ఆ నెలా, తరువాతి నెలలూ అదే పద్ధతి. నర్సు వచ్చి తలనొప్పి ఎలా ఉందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే వేసుకుంటున్నామన్నారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. గిన్నె సంగతి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. నాచు పంచుకున్నట్టు నర్సుకు చెబుతారా?

శరదృతువులో డాక్టర్ ప్యో ఒంటరిగా ఊళ్ళోకి వచ్చింది. ఆరోగ్య కేంద్రం మెట్ల మీద గాప్‌సెంగ్ ఎదురైతే, దాచుకోలేక చెప్పేసింది.

"ఈ అధ్యయనాన్ని పర్యవేక్షించే సంఘంవాళ్ళు సగం దారిలో లెక్క చూశారండీ. అసలు మాత్రకీ ఉత్త మాత్రకీ తేడా లేదట. ఇంకో నెల చూసి ఆపేస్తారు. ఈ మందు హెన్యోలకి పనికిరాదని రాయాల్సిందే."

"పనికిరాదా? నాకు పనిచేసిందే!"

"మీకు పనిచేసి ఉండొచ్చు. అంకెల్లో కనబడట్లేదు. నన్నేం చేయమంటారు?"

గాప్‌సెంగ్ మెట్లు దిగి, ఇంటికి పోకుండా నేరుగా గట్టుకు నడిచింది. తన పిడికిలి చేసిన పని నడకలోనే ఆమెకు అర్థమైంది. ఇద్దరి మధ్య తేడా చూడడానికి వచ్చినవాళ్ళ ముందు తాను ఆ తేడాను చేత్తో చెరిపేసింది. ప్రతి ఆడదానికీ సగం మందు, సగం పిండి. అందరికీ కాస్త మేలు, ఎవరికీ పూర్తి మేలు లేదు. ఇప్పుడు పనికిరాదని అచ్చయితే ఈ తీరంలోనే కాదు, ఎక్కడా ఏ డాక్టరూ మునిగే ఆడదానికి ఈ మాత్ర రాయడు. ఆ పొడి పొట్లమే మిగులుతుంది. మ్యంగ్‌వల్ తరువాత ఎవరన్నదొక్కటే తేలవలసి ఉంటుంది.

నిప్పు దగ్గర ఆమె సంగతంతా చెప్పింది. కో ఇన్హో మొదట ఎదురుతిరిగింది.

"చెప్పావంటే మన ఊరిని తీసేస్తారు. నర్సు రాదు, మాత్రలు రావు. నోరు మూసుకుంటే ఇంకో నెలన్నా వస్తాయి. మందు గుణం మనకి తెలుసుగా, చాల్లే!"

"మనకి తెలిస్తే ఏం లాభం, సామ్‌చూన్? మనం చచ్చేదాకా మనకి తెలుస్తుంది. వాళ్ళు రాసేది మన తరవాత కూడా ఉంటుంది."

"నీకు గొప్పలెక్కువ."

"ఉంటే ఉన్నాయి. తప్పు రాయించి పోయిన ఊరు అని మాత్రం సెమ్‌గేకి పేరు రానివ్వను."

ముసలామె నిప్పులో కట్టె ఎగదోసింది. "చెప్పు. కాని తల వంచుకుని చెప్పకు. దొంగతనం చేయలేదు మనం," అన్నది.

గాప్‌సెంగ్ తల వంచుకోలేదు. మర్నాడు డాక్టరును గదిలోంచి బయటికి పిలిచి, గట్టు మీదికి తీసుకువెళ్ళి, నిప్పు దగ్గర అందరి మధ్యా కూర్చోబెట్టింది. ఆ చోట ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేర్పును బట్టి ఉంటుంది. డాక్టరును పొగ కొట్టే వైపు, నేర్చుకునేవాళ్ళ వరసలో, హాన్‌సోల్ పక్కన కూర్చోమన్నారు. ఆమె దగ్గుతూ కూర్చుంది.

"మాత్రలు కలిపేశాం," అన్నది గాప్‌సెంగ్.

"కలపడమంటే?"

"గిన్నెలో పోసి కలిపి పంచాం. మొదటి నెలనుంచీ. పంచింది నేను."

డాక్టరు ముఖంలో రంగు మారింది. సన్నాహాలతో కలిపి రెండేళ్ళ పని అది. ఆమె నెమ్మదిగా అడిగింది:

"ఒక్కొక్కరికీ చదివి చెప్పాను కదండీ. ఎవరి మాత్ర వాళ్ళే వేసుకోవాలని చెప్పాను కదా?"

"చెప్పావు. ఒక్కొక్కరినీ అడిగావు, డాక్టరమ్మా. మమ్మల్ని అడగలేదు."

"అది వేరే అడగాలా?"

"ఇక్కడ కూర్చుని అడిగుంటే ఆ రోజే చెప్పేవాళ్ళం, ఇలా సగం సగం పెడితే పంచేసుకుంటామని. గదిలో మాకు ఆ మాట ఎందుకు తోస్తుంది? గదిలో ఒక్కదాన్నే ఉంటిని."

ఇక్కడ గాప్‌సెంగ్ ఆగి ఉంటే అది క్షమాపణగా మిగిలిపోయేది. ఆమె ఆగలేదు. తాను పెళ్ళికాని పిల్లగా ఉన్న కాలంలో ఎవరో పరిశోధకులు వచ్చి, నూలు బట్టలతో మునిగే ఆడవాళ్ళను చలికాలపు నీళ్ళలో నిలబెట్టి, ఒంటి వేడి కొలిచి, నెత్తురు తీసుకుని, ఫొటోలు దిగి వెళ్ళిపోయారనీ, ఏం తేలిందో చెప్పడానికి మళ్ళీ ఒక్కరూ రాలేదనీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు పెరిగింది. "ఆ నీళ్ళలో మా అమ్మ ఉంది. ఏం తేలిందో తెలీకుండానే పోయింది. మేం కొలిచి పారేసే చేపలమా? మళ్ళీ మొదలెట్టు. ఈసారి సరిగ్గా చేద్దాం. తేలినది ముందు ఇక్కడికొచ్చి చెప్పాలి, తరవాతే ఎక్కడన్నా అచ్చేసుకో."

డాక్టరు పొగకు కళ్ళు తుడుచుకుని, మనుషులను విడదీయకుండా ఊళ్ళనే విడదీసే పద్ధతి ఒకటి ఉందని చెప్పింది. ఒక ఊరంతటికీ ఒకేసారి అసలు మాత్ర మొదలవుతుంది. తక్కిన ఊళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆగుతాయి. చివరికి అందరికీ అందుతుంది, కాని ఏ ఊరు ముందో చీటీ తేలుస్తుంది. ఊళ్ళ మధ్య మాత్రలు దాటకపోతే తేడా అంకెల్లో కనబడుతుంది. ఇదంతా పరిశోధనలకు అనుమతినిచ్చే నైతిక సమీక్షా సంఘం ముందు మళ్ళీ పెట్టాలి, జరిగిన తప్పు కూడా చెప్పాలి.

"చెప్పు. దాచొద్దు," అన్నది గాప్‌సెంగ్. "సెమ్‌గే ఒప్పుకుంది."

"నేను ఒప్పుకోలేదు," అన్నది హాన్‌సోల్.

అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల ఎర్రబడింది, కాని మాట మింగలేదు.

"ఒప్పుకోనని కాదు, సామ్‌చూన్. రేపు నాకు కడుపొస్తే? వేరే మందేదో వాడుతుంటే? అది అందరి ముందూ నిప్పు దగ్గర చెప్పాలా నేను? ఆ గది నాకు కావాలి."

కో ఇన్హో ఏదో అనబోయింది. గాప్‌సెంగ్ చెయ్యెత్తి ఆపింది. అంతమందిని శాసించడానికి అలవాటుపడిన మనిషికి ఆ మాట మింగుడుపడడానికి కాస్త సమయం పట్టింది. కాని అది సరైన మాట. ఊరి మాట ఊరిదే. ఒంటి మీది హక్కు మాత్రం ఆ ఒంటిదే, ఊరు దాన్ని తన పేర రాసుకోలేదు.

"రెండూ ఉంటాయి," అన్నది చివరికి. "ముందు నిప్పు, తరవాత గది. గదిలో ఎవత్తె వద్దన్నా ఎందుకని ఇక్కడ ఎవరూ అడగరు. అడిగినదాన్ని నేను నీళ్ళలోకి రానివ్వను."

అదే వారం ఆమె తీరం వెంబడి తక్కిన ఊళ్ళకు బయలుదేరింది. మాత్రలు కలిపిన సంగతి చెప్పగానే, తూర్పున ఉన్న నమ్దోల్ ఊరి పెద్ద బు చున్‌డక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మీరూనా?" అన్నది. అక్కడ వాడింది ప్లాస్టిక్ బకెట్టు. మరో ఊళ్ళో చేపల బుట్ట. అందరూ అదే పని చేశారు. ఎవరికి వారు తామొక్కరే తెలివిగలవాళ్ళమనుకున్నారు. గాప్‌సెంగ్ అన్ని ఊళ్ళ పెద్దలనూ డాక్టరు ముందు కూర్చోబెట్టింది. ఆ అధ్యయనాన్ని చెడగొట్టినవాళ్ళే దాన్ని మళ్ళీ కట్టారు.

చీటీలు తీసిన రోజున సెమ్‌గే పేరు అన్నిటికన్నా చివర వచ్చింది. దానర్థం ఏడాది పైగా ఎదురుచూపు. కడుపు పాడవకుండా నర్సు వేరే మాత్రలు ఇచ్చింది, పొడి తగ్గించుకునే విధానం చెప్పింది, నెత్తురు పరీక్షలు చేసింది. కాని తలనొప్పి తలనొప్పే. గాప్‌సెంగ్‌కు ముందున్న తేలిక పోయింది. ఇంతకుముందు తెలియని సుఖం ఒకసారి తెలిశాక పోవడం మరీ కష్టం. కొన్ని రోజులు నిప్పు వెలుగు కూడా భరించలేక గోడ వైపు తిరిగి కూర్చునేది. "గొప్పలకి పోయావు, ఇప్పుడు అనుభవించు," అనేది కో ఇన్హో, అంటూనే ఆమె నుదుటికి తడిగుడ్డ చుట్టేది.

చలికాలం నడిమధ్యలో, నమ్దోల్‌కు మాత్రలు మొదలయ్యాక, బు చున్‌డక్ బుక్‌వీట్ గింజల పిండితో పోసిన అట్లు మూటగట్టుకుని చూడడానికి వచ్చింది. వెళ్ళేముందు అటూ ఇటూ చూసి, మూట అడుగునుంచి చిన్న సంచి తీసి గాప్‌సెంగ్ ఒళ్ళో పెట్టింది.

"ఏమిటిది?"

"నావే. రోజు విడిచి రోజు వేసుకుని మిగిల్చాను. నిన్ను చూడలేకపోతున్నానే. ఎవరికీ తెలీదు."

గాప్‌సెంగ్ సంచిని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆ క్షణాన కణతల్లో సమ్మెట దెబ్బలు పడుతున్నాయి. ఒక్క మాత్ర వేసుకుంటే చాలు. పక్కూరి మనిషి తన నొప్పి తాను భరించి తెచ్చిన వాటా అది. జీవితమంతా అటువంటి వాటాను కాదన్నవాళ్ళను ఆమె మనుషుల్లో జమకట్టలేదు.

"అట్లు తింటాను," అన్నది. "ఇది తీసుకుపో."

"కోపమా?"

"కోపమే. రోజు విడిచి రోజు వేసుకుంటే నమ్దోల్ లెక్క పాడవదూ? నీ తలలో ఉన్నది మెదడా, నత్తగుల్లా? పొద్దున్నే నర్సు దగ్గరికెళ్ళి మానేసిన రోజులన్నీ చెప్పు. చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను."

"నీకోసమే కదే చేశాను!"

"తెలుసు. అందుకే తిడుతున్నాను. ఇంకెవరైనా అయితే మాట్లాడేదాన్నే కాదు."

చున్‌డక్ ముక్కు చీదుకుంటూ సంచి లోపల దోపుకుంది. మర్నాడు నర్సు దగ్గరికి వెళ్ళింది. మానేసిన రోజులు కూడా అధ్యయనంలోకి ఉన్నది ఉన్నట్టే ఎక్కాయి.

సెమ్‌గే వంతు వచ్చింది, గడిచింది. ఆ తరువాతి ఏడాది నాచుకోత ముగిసిన వారంలో డాక్టర్ ప్యో గట్టు మీదికి వచ్చింది. ఇంకా ఎక్కడా అచ్చు కాలేదని ముందుగానే చెప్పింది. మందు పనిచేస్తుంది. అందరికీ కాదు, సగానికి పైగా ఆడవాళ్ళకు తలనొప్పి రోజులు బాగా తగ్గాయి. వాళ్ళలో చాలామంది పొడి పూర్తిగా మానేశారు. కొందరికి నిద్రమత్తు వచ్చింది, వాళ్ళు మునిగే రోజుల్లో వేసుకోకూడదు. కొందరికి ఏ గుణమూ కనబడలేదు.

"ఆ కొందరిలో నేనున్నాను," అన్నది కో ఇన్హో, కణతలు నొక్కుకుంటూ. "నాకు పనిచేయలేదని రాశావా?"

"రాశానండీ."

"మొదటిసారి మేం కలిపేశామని?"

"అదీ రాశాను. ఎందుకు కలిపారో కూడా రాశాను."

ముసలామె తృప్తిగా తల ఊపి, నిప్పుకు దగ్గరగా జరిగింది. డాక్టరు అందరికీ వంగి, మీరు సహకరించినందుకు కృతజ్ఞతలని చెప్పబోయింది.

"సహకరించడమేమిటి?" అన్నది గాప్‌సెంగ్. "చెడగొట్టింది మేము, నిలబెట్టింది మేము. నువ్వూ మేమూ కలిసి చేశామని రాయి."

డాక్టరు అలా రాయడానికి చోటుంటుందనీ, లేకపోతే పోట్లాడతాననీ అన్నది.

"పోట్లాట రాకపోతే మా దగ్గరికి రా, నేర్పిస్తాం," అని గాప్‌సెంగ్ లేచింది. పోటు తగ్గుతోంది. పదిమందీ ముఖానికి కళ్ళద్దాలు తగిలించుకుని, ఇనుప బద్దలు నడుముకు దోపుకుని, ఆమె వెనకే రాళ్ళు దిగారు. ఆ ఉదయం వాళ్ళలో ఏ ఒక్కరి చేతిమడతలోనూ పొడి పొట్లం లేదు, కో ఇన్హో చేతిమడతలో తప్ప. ఆమె దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి చూపించి మరీ నోట్లో పోసుకుంది.